డి-డైమర్ ఎక్కువగా వస్తే ‘గడ్డ ఉంది’ అనవచ్చా?

ప్రశ్న: డి-డైమర్ అనే రక్తపరీక్ష రిపోర్టు కింద తెలుగులో ఒక వాక్యం పెట్టాలి. ‘రక్తంలో గడ్డలు ఉన్నాయి’ అని చిత్తులో రాశారు. గడ్డ అనగానే మనవాళ్లకు కణితి, చీముగడ్డ గుర్తొస్తాయి. వేరే మాట ఉందా?

— మాట సంగతి తర్వాత, వాక్యమే తప్పండి. ఈ పరీక్ష గడ్డను చూడదు, గడ్డ కరుగుతుంటే రాలే తునకలను కొలుస్తుంది. నెత్తురు గడ్డకట్టేటప్పుడు ఫైబ్రిన్ పోగులు వలలా అల్లుకుంటాయి, రక్తంలోని పదమూడో ఫ్యాక్టర్ అనే ప్రోటీను వాటిని కలిపి కుట్టేస్తుంది. ఆ వలను ప్లాస్మిన్ అనే ఎంజైము తెంచినా కుట్టు పడ్డ రెండు ‘డి’ ముక్కలు విడిపోవు. డైమర్ అంటే ఆ జంటే. ఆపరేషన్ అయినా, గర్భమైనా, న్యుమోనియా అయినా ఇది పెరుగుతుంది. దీని బలమంతా ‘లేదు’ అనడంలో ఉంది: డాక్టరుకు అనుమానం తక్కువగా ఉన్న రోగికి మామూలుగా వస్తే కాలి సిరలో, ఊపిరితిత్తుల్లో గడ్డ లేదనుకోవచ్చు.

— నెత్తురు గడ్డకట్టడానికి పాఠ్యపుస్తకాల మాట రక్తస్కందనం. సుశ్రుతసంహితలో నెత్తురు ఆపే నాలుగు ఉపాయాల్లో స్కందనం ఒకటి (తక్కినవి సంధానం, పాచనం, దహనం). పాత మాటే, కానీ కౌంటరు దగ్గర ఎవరికి తెలుస్తుంది? ‘పేరుకోవడం’ నెయ్యికి సరి. వేడి తగిలితే మళ్లీ కరుగుతుంది, నెత్తురు అలా కాదు. ‘గడ్డకట్టడం’ అని క్రియగా వాడితే కణితి అనుమానం రాదు. ‘గడ్డ’ను ఒంటరిగా వదిలితేనే చిక్కు. ‘నెత్తుటిగడ్డ’ అనండి.

— యూనిటు మరవకండి. మామూలు విలువకు హద్దు మిల్లీలీటరుకు 500 నానోగ్రాములన్నది ఎఫ్‌ఈయూ (ఫైబ్రినోజెన్‌తో సమానం చేసి చెప్పే యూనిట్లు) లెక్క. డీడీయూలో (నేరుగా డి-డైమర్ యూనిట్లలో) అది సుమారు 250. 50 ఏళ్లు దాటినవారికి ఎఫ్‌ఈయూలో వయసును పదితో హెచ్చవేసి హద్దుగా తీసుకుంటారు, 70 ఏళ్లకు 700.

— శాంపిల్ రిమార్కులూ సరిచూడండి. నీలం మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఆపే 3.2 శాతం సోడియం సిట్రేట్ 0.3 మి.లీ. ఉంటే 2.7 మి.లీ. రక్తం గీత దాకా పట్టాలి. తక్కువైతే ప్లాస్మా పలచబడి విలువ తగ్గి కనిపిస్తుంది. వెంటనే మూడు నాలుగుసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, కుదపకూడదు. కలపడం ఆలస్యమైతే ట్యూబులోనే గడ్డ పడుతుంది, మళ్లీ తీయాల్సిందే. అప్పుడు ‘రక్తం గడ్డకట్టింది’ అని ముక్తసరిగా రాస్తే రోగి తన ఒంట్లోనే అనుకుంటాడు. ‘ట్యూబులో గడ్డకట్టింది, మళ్లీ రక్తం ఇవ్వాలి’ అనాలి.

— అయితే ఇలా: ‘నెత్తుటిగడ్డ కరిగేటప్పుడు వచ్చే తునకలు మామూలు కన్నా ఎక్కువగా ఉన్నాయి. కారణం డాక్టరు చూసి చెప్పాలి.’

— బాగుంది. ‘నెత్తుటి’ బదులు ‘రక్తపు’ పెట్టండి. రిపోర్టు చేత పట్టుకున్నవాళ్లకు నెత్తురన్న మాట కాస్త ఎక్కువ ఎర్రగా కనిపిస్తుంది.