చివరి రౌండ్‌లో 12 ఎత్తులకే డ్రా: దీన్ని ఆపాలా, వద్దా?

పటమట_నాన్న:

మా అబ్బాయికి 11 ఏళ్లు, నాలుగేళ్లుగా చెస్ నేర్చుకుంటున్నాడు. మొన్న ఆదివారం విజయవాడలో ఒక ఓపెన్ టోర్నమెంట్, చివరి రౌండ్. వీడి బోర్డు ఎక్కడో వెనక వరుసలో ఉంది. మొదటి బోర్డులో ఆడేవాళ్లని దగ్గరగా చూడాలని పొద్దున్నించీ ఒకటే ఆశ. తన ఎత్తు వేసి, క్లాక్ నొక్కి, లేచి అక్కడికి వెళ్లేసరికి రెండు కుర్చీలూ ఖాళీ. పావులన్నీ మళ్లీ మొదటి వరుసల్లో సర్దేసి ఉన్నాయి. స్కోర్ షీట్‌లో 12 ఎత్తులు, కింద రెండు సంతకాలు. బండి మీద ఇంటికొస్తుంటే వెనక నుంచి అడిగాడు, "నాన్నా, వాళ్లు ఆడలేదా?" అని. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

ఇంకో బాధ కూడా ఉంది. వీడికి ఆ రౌండ్‌లో ఒక బంటు ఎక్కువ ఉంది. అవతల ఆడే అతను పెద్దవాడు, నాలుగైదు ఎత్తులకోసారి డ్రా అంటూ చెయ్యి చాపుతున్నాడట. చివరికి వీడు భయపడి ఒప్పేసుకున్నాడు. ఇప్పుడు గెలిస్తే 1, డ్రా అయితే అర పాయింటు కదా, దాని బదులు ఫుట్‌బాల్‌లో లాగా గెలిస్తే 3, డ్రా అయితే 1 ఇస్తే ఈ జబ్బు పోతుందా? లేదా డ్రా అడగడమే నిషేధించాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

అరండల్‌పేట_ఆర్బిటర్:

ముందు మీ అబ్బాయి సంగతి. నిబంధన ప్రకారం డ్రా అడగాలంటే ఎత్తు వేశాక, క్లాక్ నొక్కకముందు ఒక్కసారి అడగాలి, ఇద్దరూ స్కోర్ షీట్‌లో ఆ ఎత్తు పక్కన సమానం గుర్తు పెట్టుకోవాలి. ఊరికే మళ్లీ మళ్లీ అడగడం ఎదుటివాడి ధ్యాస చెదరగొట్టడం కిందకే వస్తుంది. అలాంటప్పుడు క్లాక్ ఆపి చెయ్యెత్తి ఆర్బిటర్‌ని, అంటే పోటీ రిఫరీని, పిలవొచ్చు, అది పిల్లవాడి హక్కు. చాలామంది పిల్లలకి ఈ మాట ఎవరూ చెప్పరు. పెద్దవాళ్లు అడిగితే కాదనకూడదేమో అనుకుంటారు. వాళ్ల మొహాలు చూస్తేనే నాకు తెలిసిపోతుంది, కానీ వాళ్లు పిలిస్తే తప్ప నేను కలగజేసుకోవడం కష్టం.

ఇక 12 ఎత్తుల డ్రా. ఫలానా ఎత్తుల్లోపు డ్రా ఒప్పుకోకూడదని, లేదా ఆర్బిటర్ అనుమతి లేకుండా అసలు ఒప్పుకోకూడదని పోటీ నిబంధనల్లో పెట్టుకునే వీలు ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) చట్టంలోనే ఉంది. 2005లో బల్గేరియాలోని సోఫియాలో అలా పెట్టారు, అందుకే దాన్ని సోఫియా రూల్ అంటారు. మన దగ్గర నిర్వాహకులు తలుచుకుంటే ఒక్క వాక్యంతో పోయే పని. అయితే ఒప్పందం కుదిరినవాళ్లకి దారులు లేకపోలేదు. ఒకే పొజిషన్ మూడుసార్లు తెచ్చి డ్రా క్లెయిమ్ చేస్తారు. బెర్లిన్ డిఫెన్స్ అనే ఓపెనింగ్‌లో అలాంటి ఎత్తుల వరుస ఆడేవాళ్లందరికీ తెలిసిందే.

కొత్తపేట_గుర్రం:

నేను పదేళ్లు రేటింగ్ టోర్నమెంట్లు ఆడాను, ఇప్పుడు గుంటూరులో లెక్కల ట్యూషన్ చెప్తున్నాను. ఈ మాట గట్టిగా చెప్పాలనుంది. డ్రాని శిక్షించకండి.

డ్రాకి విలువ లేకుండా చేస్తే ఏమైందో చూడండి. 1984లో కార్పోవ్, కాస్పరోవ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో డ్రాలు లెక్కలోకే రావు, ముందు 6 గేములు గెలిచినవాడు చాంపియన్. అప్పుడు డ్రాలు తగ్గాలి కదా? 48 గేములు ఆడితే 40 డ్రాలు. కార్పోవ్ 5 గెలిచాడు, కాస్పరోవ్ 3 గెలిచాడు, అయిదు నెలలు సాగి 1985 ఫిబ్రవరిలో ఫలితం తేలకుండానే ఆపేశారు. ఓడిపోతామన్న భయమే డ్రాలకి మూలం. ఆ భయం తీసేసే నిబంధన ఏదీ లేదు.

అసలు డ్రా అంటే ఆడకపోవడం అని పిల్లలకి ఎవరు నేర్పారండీ? నేను 15 ఏళ్లప్పుడు ఒక బిషప్పు, ఒక బంటు తక్కువతో ఆడుతున్నాను. గదిలో అందరూ అయిపోయిందనుకున్నారు. అవతలివాడి బంటు చివరి నిలువు వరుసలో ఉంది, అది క్వీన్ అవ్వాల్సిన మూల గడి నలుపు, అతని బిషప్ మాత్రం తెల్ల గళ్లలో తిరిగేది. నా రాజుని ఆ మూలకి చేరిస్తే చాలు, ఇక ఎవరూ కదపలేరు. మిగతా పావులన్నీ ఒక్కొక్కటే మార్చుకుంటూ, గంటన్నర సేపు ఆ మూల కోసం నడిచాను. చివరికి స్టేల్‌మేట్, అంటే చెక్ లేదు, కదలడానికి ఎత్తూ లేదు, కాబట్టి డ్రా. ఆ అర పాయింటు నేను గెలిచిన చాలా గేముల కన్నా గొప్పది. దానికి 1, అవతల ఎవరి తప్పు వల్లో ఊరికే దొరికిన గెలుపుకి 3 అంటే నేను ఒప్పుకోను.

సత్యనారాయణపురం_చెల్లి:

కొత్తపేట అన్నయ్యా, మీ డ్రా వేరు, మొదటి బోర్డు డ్రా వేరు. ఎవరూ మీ డ్రాని తప్పు పట్టట్లేదు.

నేను ఇప్పటికీ ఆడుతున్నాను కాబట్టి అటువైపు సంగతి కూడా చెప్తాను. చివరి రౌండ్ సాయంత్రం రైలు పట్టుకోవాలి, మర్నాడు కాలేజీ, డ్రా చేస్తే మొదటి మూడు స్థానాల్లో ప్రైజ్ ఖాయం, ఓడిపోతే పదో స్థానానికి జారిపోతాం. చెన్నై నుంచి సొంత ఖర్చుతో వచ్చినవాళ్లకి ఆ ప్రైజే తిరుగు ఖర్చు. వాళ్లని పిరికివాళ్లు అనడం నాకిష్టం లేదు. ప్రైజులు పంచే పద్ధతే అలా చేయిస్తోంది.

3-1 పద్ధతి గురించి ఒక చిన్న లెక్క. ఇద్దరు స్నేహితులు ఒకే పోటీలో రెండుసార్లు తలపడి రెండూ డ్రా చేసుకుంటే చెరో 2. చెరొకటి గెలిచేలా ముందే మాట్లాడుకుంటే చెరో 3. అంటే మాట్లాడుకున్నవాళ్లకే లాభం. ప్రతి రౌండ్‌లో దాదాపు సమాన పాయింట్లున్నవాళ్లని జత కలిపే స్విస్ పద్ధతిలో ఇద్దరూ ఒక్కసారే తలపడతారు కాబట్టి ఆ ప్రమాదం కొంచెం తక్కువ, కానీ రెండు ఆటల పోటీల్లో ఉంది. దాని బదులు పాయింట్లు సమానమైతే ఎక్కువ గేములు గెలిచినవాళ్లని ముందు పెట్టండి. అది టై బ్రేకుల్లో ఉన్నదే. నార్వే చెస్‌లో ఇంకో దారి ఉంది, క్లాసికల్ (ఎక్కువ టైముండే మామూలు గేమ్) డ్రా అయితే వెంటనే అర్మగెడాన్ అనే తక్కువ టైము గేమ్ ఒకటి, అందులో మళ్లీ డ్రా అయితే నల్లపావుల వాళ్లదే గెలుపు. మన హంపి గారు కూడా అక్కడ ఆడారు. చూడ్డానికి బావుంటుంది కానీ రోజుకి మూడు రౌండ్లు పెట్టే మన టోర్నమెంట్లలో టైమెక్కడిది?

కొత్తపేట_గుర్రం:

నిజమే చెల్లెమ్మా, ఆడకుండా లేచిపోవడాన్ని నేనూ సమర్థించను. 30 ఎత్తుల్లోపు డ్రా అడగొద్దంటే నాకు అభ్యంతరం లేదు. 2018 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కార్ల్‌సన్, కరువానా ఆ నిబంధన కిందే ఆడారు, 12 క్లాసికల్ గేములూ డ్రానే అయ్యాయి, అయినా వాటిలో కొన్ని ఊపిరి బిగబట్టి చూసినవి.

పటమట గారూ, మీవాడికి ఆ ఒక్క బంటు సంగతి ఇలా చెప్పండి. 2024 సింగపూర్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 14వ గేమ్, గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ, అందరూ డ్రా అనుకుంటున్నారు. గుకేశ్ ఆడుతూనే ఉన్నాడు. 55వ ఎత్తులో అవతల ఆడుతున్న డింగ్ ఏనుగుని (రూక్‌ని) తప్పు గడిలో పెట్టాడు, 58వ ఎత్తుకి గుకేశ్ ప్రపంచ చాంపియన్.

పటమట_నాన్న:

అందరికీ థాంక్స్. నిర్వాహకులకి ఒక ఉత్తరం రాశాను, పిల్లల విభాగంలో కనీసం 30 ఎత్తుల నిబంధన పెట్టమని, డ్రా అడిగే పద్ధతి మొదటి రౌండ్‌కి ముందే మైకులో చెప్పమని. ఆర్బిటర్ గారు చెప్పింది మావాడికి చెప్తే, "క్లాక్ నేనే ఆపొచ్చా?" అని రెండుసార్లు అడిగాడు.

నిన్న రాత్రి కొత్తపేట గారి పొజిషన్ బోర్డు మీద పెట్టాం. నాకు బిషప్పూ బంటూ, వాడికి మూలలో ఒక్క రాజు. మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ డ్రా. నాలుగోసారి వాడు నా బిషప్పుని తీసి పక్క గడిలో, నల్లదాని మీద పెట్టి, "ఇప్పుడు ఆడు నాన్నా" అన్నాడు.