ఈ నవలను ఇంటర్ పిల్లల చేతికి ఇవ్వవచ్చా?

కొర్లగుంట:
తిరుపతిలో మా అమ్మాయి చదివే జూనియర్ కళాశాలలో పిల్లలచేత నెలకొక పుస్తకం చదివించి, దానిపై మాట్లాడిస్తున్నారు. ఈసారి ఎంచుకున్నది జాన్ గ్రీన్ 2012లో ప్రచురించిన ఆంగ్ల నవల ‘ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’. పదహారేళ్ల హేజల్‌కు థైరాయిడ్ క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకి ఉంటుంది. ఎముక క్యాన్సర్ వల్ల కాలు పోగొట్టుకున్న అగస్టస్ ఆమెకు రోగుల బృందంలో పరిచయమై, ప్రేమించి, ఆమెకంటే ముందే చనిపోతాడు. నేనూ చదివాను, కంటతడి కూడా పెట్టాను. అయినా ఈఏపీసెట్, నీట్ ఒత్తిడిలో నలిగిపోతున్న పిల్లలకు చావును ఇంత అందంగా చూపించే కథ ఇవ్వడం సబబేనా అని అడుగుతున్నాను.

గిరింపేట:
అందంగా చూపించారన్న మాటను నేను ఒప్పుకోలేనండీ. చివరి భాగంలో అగస్టస్ రాత్రివేళ ఒంటరిగా కారు వేసుకుని సిగరెట్లు కొనుక్కోవడానికి పెట్రోలు బంకుకు వెళతాడు. పొట్టకు అమర్చిన గొట్టం దగ్గర పుండు పడి, ఒంటి మీదే వాంతి చేసుకుని, ఇంత చిన్న పని కూడా తన వల్ల కాలేదని ఏడుస్తూ హేజల్‌కు కనబడతాడు. అంతవరకు గొప్ప గొప్ప మాటలు చెప్పిన కుర్రవాడిని ఆ స్థితిలో నిలబెట్టిన రచయిత చావుకు పూలు చుట్టాడని ఎలా అనగలం? నాకున్న ఫిర్యాదు వేరు: పిల్లలిద్దరూ ముందే రాసిపెట్టుకున్నట్టు మాట్లాడుకుంటారు. ఆ వయసులో అంత ఏరికోరి మాట్లాడేవారిని చిత్తూరులో నేనైతే చూడలేదు.

మంగళం రోడ్డు:
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదేమి? జబ్బుపడిన పిల్లల కోరికలు తీర్చే ధర్మసంస్థ ఒకటి హేజల్‌ను, అగస్టస్‌ను ఆమ్‌స్టర్‌డామ్‌కు పంపిస్తుంది. మన వైపు క్యాన్సర్ అనగానే వేలూరు బస్సు, ఆరోగ్యశ్రీ కార్డు, అప్పు పత్రం, ఆసుపత్రి ఆవరణలో చాప పరుచుకుని పడుకునే మేనమామ. హేజల్‌ను నిలబెట్టిన ‘ఫలాంక్సిఫర్’ అనే మందు కూడా రచయిత కల్పనే కాబట్టి, పుస్తకం చదివి మందుల షాపులో అడిగేవారుంటే ముందే చెబుతున్నాను. అయితే అగస్టస్ జబ్బు కల్పన కాదు. ఆస్టియోసార్కోమా అనే ఆ ఎముక క్యాన్సర్ ఎక్కువగా ఎదిగే వయసులోనే, తరచుగా మోకాలి దగ్గరే వస్తుంది. ఆటలో తగిలిన దెబ్బే అనుకుని కట్టు కట్టించుకుని తిరిగే పిల్లలుంటారు. ఆ ఒక్క విషయం తెలియడానికైనా తరగతిలో ఈ పుస్తకం గురించి మాట్లాడితే మంచిదే.

గిరింపేట:
డబ్బు మాట నిజమే. కానీ మనవారిని భయపెడుతున్నది ప్రేమ కాదు, చావూ కాదు, ఆ పిల్లకు తన జబ్బు గురించి అంతా తెలిసి ఉండడం అని నాకనిపిస్తోంది. మన ఇళ్లలో రోగం పేరు రోగికి తప్ప అందరికీ తెలుస్తుంది. డాక్టరు తండ్రిని వరండాలోకి పిలిచి చెబుతారు, ఆయన బావమరిదికి చెబుతారు, పిల్లకు మాత్రం ‘చిన్న గడ్డమ్మా, మందులతో కరిగిపోతుంది’ అంటారు. ఆ పిల్ల పక్కన వేలాడే సెలైన్ సీసా మీది మందు పేరును అక్షరం అక్షరం ఫోనులో కొట్టి చూసుకుని, తనకు తెలిసిపోయిందని అమ్మకు తెలియకుండా దాచుకుంటుంది. హేజల్ ఇంట్లో ఈ దాగుడుమూతలు లేవు. కూతురు చచ్చిపోతే తానిక అమ్మను కాకుండా పోతానని తల్లి ఏడవడాన్ని ఆసుపత్రి మంచం మీద నుంచే విన్న పిల్ల ఆమె. తల్లి చాటుగా సామాజిక సేవలో చదువు సాగిస్తోందని చివర్లో తెలిసినప్పుడు, తన తరువాత కూడా అమ్మకు ఒక జీవితం ఉంటుందని పొంగిపోతుంది. ప్రేమకథ కంటే నాకు ఆ ఘట్టమే పెద్దదిగా తోచింది.

కొర్లగుంట:
దాగుడుమూతలు లేవనడం పూర్తిగా సరికాదు, గిరింపేట గారూ. జబ్బు తిరగబెట్టిందని అగస్టస్‌కు ప్రయాణానికి ముందే తెలుసు. ఆమ్‌స్టర్‌డామ్ చేరి, అక్కడ చూడవలసినవన్నీ చూశాక గానీ చెప్పడు. 1981లో వచ్చిన మన ‘ప్రేమాభిషేకం’లో కథానాయకుడు క్యాన్సర్‌ను దాచి, ప్రియురాలు తనను అసహ్యించుకునేలా నటిస్తాడు. దాన్ని మనం త్యాగమన్నాం. ఇక్కడ దాచినందుకు పిల్లవాడిని ఎవరూ మహాత్ముణ్ణి చేయరు, ఆ తేడా ఉందని మాత్రం ఒప్పుకుంటాను.

మా అమ్మాయి చదవడానికి నాకిక అడ్డు లేదు. కానీ ఆ తరగతిలోనే ఒక అబ్బాయి తమ్ముడికి ఇప్పుడు చికిత్స జరుగుతోంది, ఆ సంగతి అధ్యాపకురాలికి తెలియదు. ఆ అబ్బాయి తల్లి ఒప్పుకుంటే శనివారంలోగా నేను వెళ్లి అధ్యాపకురాలికి చెబుతాను. ఆ గంట కూర్చోవాలో వద్దో ఆ పిల్లవాడినే అడగమంటాను.