మండల స్థాయిలో మద్యపానం, మానసిక సమస్యల నివారణకు ఏ లెక్కలు ఆధారం?

ప్రశ్న (ఉపాధ్యాయిని, నిజామాబాద్ జిల్లా):
2019–21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన మగవారిలో మద్యం తాగేవారు తెలంగాణలో 43.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం, దేశం మొత్తం మీద 18.8 శాతం. మా మండలంలో తాగుడును, దానితో ముడిపడిన మానసిక సమస్యలను తగ్గించేందుకు గ్రామ పెద్దలు, ఆరోగ్య సిబ్బంది కలిసి ఒక కార్యక్రమం మొదలుపెట్టాలనుకుంటున్నారు. ఎవరితో, ఎక్కడ మొదలుపెట్టాలో ఈ అంకెలను బట్టి నిర్ణయించవచ్చా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (సామాజిక వైద్య విభాగం అధ్యాపకుడు):
నమస్కారమండి. ఆ శాతం తాగేవారెందరో చెబుతుంది గాని, తాగుడుకు బానిసలైనవారెందరో చెప్పదు. పండుగనాడు కల్లు తాగే రైతూ, తెల్లవారగానే చేతులు వణికి సీసా వెతుక్కునే మనిషీ అందులో ఒకే గడిలో పడతారు. ఎయిమ్స్ నిర్వహించగా 2019లో వెలువడిన దేశవ్యాప్త సర్వే ఈ తేడాను పట్టించుకుంది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందినట్లు అందులో తేలింది. మీకు కావలసిన సమాచారంలో కొంత మీ ఆశా కార్యకర్త దగ్గరే ఉంది. ముప్పై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరు పరీక్షల కోసం ఆమె నింపే ఫారంలో రోజూ మద్యం తాగుతారా అన్న ప్రశ్నతో పాటు, గత రెండు వారాలలో దిగులుగా ఉన్నారా, పనులపై ఆసక్తి తగ్గిందా అన్న ప్రశ్నలూ ఉంటాయి. వాటిని ఊరివారీగా కూడి చూడమని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారిని అడగండి.

జవాబు 2 (మానసిక వైద్యురాలు):
మీది నిజామాబాద్ కాబట్టి కల్తీ కల్లును విడిగా చూడాలి. 2015లో ఆబ్కారీ దాడుల వల్ల ఆ కల్లు సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు మీ జిల్లా నుంచి, మహబూబ్‌నగర్ నుంచి ఎందరో ఫిట్స్‌తో, వణుకుతో, పొంతనలేని మాటలతో ఆసుపత్రుల పాలయ్యారు. కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డైజెపాం వంటి మందులకు శరీరం అలవాటుపడి, అవి అందకపోవడమే అందుకు కారణం. ఇంటింటి సర్వేలో వారంతా కల్లు తాగేవారుగానే నమోదవుతారు. అందువల్ల ఆసుపత్రి రిజిస్టరులో కొత్తగా ఫిట్స్ వచ్చిన పెద్దలు ఏ ఊళ్లవారో నెలనెలా చూడటం అవసరం. దాడులకు ముందే ఆబ్కారీ శాఖ ఆరోగ్య శాఖకు తెలియజేస్తే మందులూ మంచాలూ సిద్ధంగా ఉంటాయి. ఇది జరిగి తీరాలని నా గట్టి అభిప్రాయం.

జవాబు 3 (పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో పనిచేసిన వ్యక్తి):
ఆశా ఫారం ముప్పై ఏళ్లకు మొదలవుతుంది, అలవాటు మాత్రం అంతకు చాలా ముందే మొదలవుతుంది. ఐస్‌లాండ్‌లో బడిపిల్లల మధ్య జరిపే సర్వేలో 1998లో పదిహేను, పదహారేళ్ల పిల్లల్లో 42 శాతం అంతకుముందు నెలలో మత్తెక్కేలా తాగామని చెప్పగా, 2016 నాటికి అది 5 శాతానికి తగ్గింది. అదంతా సర్వే ఘనతే అనలేము. కాని ఫలితాలను ఏ బడివి ఆ బడికి, ఏ ఊరివి ఆ ఊరికి త్వరగా తిరిగి ఇవ్వడం వల్ల తల్లిదండ్రులు తమ పిల్లల గురించే మాట్లాడుకోగలిగారు. మీరు తొమ్మిదో తరగతిలో ఇటువంటి ప్రశ్నావళి పెడితే తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి, పేర్లు రాయించకండి, చివర టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సహాయ సేవ) నంబరు 14416 ఇవ్వండి. ఇద్దరు ముగ్గురు పిల్లలే ఉన్న తండా అంకెను విడిగా ప్రకటించవద్దు. అది పేరు చెప్పినట్లే అవుతుంది.