జనవరిలో ట్రౌట్ కోసం వాగుకి వెళ్తే ఈ వెండి చేప పడింది. ఇదేం చేప?

గట్టుమీదోడు:

అందరికీ నమస్కారం. నేను గాలం పట్టి మూడేళ్లయింది కానీ చలికాలంలో వాగుకి వెళ్లడం ఇదే మొదలు. నిన్న రాకీ పర్వతాల నుంచి దిగే ఒక చిన్న వాగుకి వెళ్లాను. పొద్దున్నే వెళ్లడం తెలివితక్కువ పనని అక్కడికెళ్లాకే అర్థమైంది. రాడ్ రింగుల్లో నిమిషానికోసారి మంచు గడ్డకట్టి లైను కదల్లేదు. నోటితో ఊది కరిగించడం, మళ్లీ విసరడం, మళ్లీ ఊదడం. వేళ్లు నావో కాదో తెలియని స్థితిలో పదకొండింటికి కారెక్కి హీటర్ ముందు కూర్చున్నాను.

ఒంటిగంటకి కాస్త ఎండ వచ్చింది. నీళ్లలో థర్మామీటర్ పెడితే 3 డిగ్రీల సెల్సియస్. వంపు దగ్గర, నీరు నెమ్మదించి ముదురు రంగులోకి తిరిగే చోట ఒక మడుగుంది. నడుము లోతు ఉంటుందనుకుంటా. పదహారో నంబరు నింఫ్‌కి (నీటి పురుగు పిల్లలా కట్టిన చిన్న ఎర) సీసం గుండు తగిలించి అడుగుకి దింపాను. బెండు మునగలేదు. ఊరికే ఒక క్షణం ఆగినట్టనిపించింది, అంతే. రాయికి తగులుకుందనుకుని ఎత్తాను. రాయి అటూ ఇటూ తల విదిలించింది!

చేతికొచ్చింది ట్రౌట్ కాదు. పొడవు దాదాపు 33 సెం.మీ. ఒళ్లంతా వెండి, వీపు మాత్రం కాస్త గోధుమ ఛాయ. ఒక్క చుక్క లేదు. పొలుసులు ట్రౌట్ పొలుసులకన్నా పెద్దవి, విడివిడిగా కనిపిస్తున్నాయి. చిన్న నోరు, పైగా ముక్కు కింద దాక్కున్నట్టు ఉంది. మీసాలు లేవు. శరీరం పక్కలకి నొక్కినట్టు కాకుండా గుండ్రంగా, చపాతీ కర్రలా ఉంది.

మంచు మీద పెట్టి ఒక ఫోటో తీసి వదిలేశాను. చూసి చెప్పండి, సక్కరా, అదే, అడుగున పీల్చి తినే చేపా? ఇంకేదైనానా? రాత్రి నిద్రపట్టలేదంటే నమ్మండి.

పాతగాలం:

సక్కర్. నోరు కిందికుంది, ఇంక అనుమానమెందుకు? ట్రౌట్ గుడ్లు తినే రకం. మా వైపు పెద్దవాళ్లయితే గట్టు మీదకి విసిరేసేవాళ్లు.

మడుగుపక్కన:

పాతగాలం గారూ, తొందరపడ్డారు.

గట్టుమీదోడు గారూ, రెండు విషయాలు చెప్పండి. ఒకటి, వీపు రెక్కకీ తోకకీ మధ్య, తోకకి దగ్గరగా, ఎముకలు లేని చిన్న మెత్తటి రెక్క ఉందా? దాన్ని అడిపోస్ రెక్క అంటారు. రెండు, పెదాలు ఎలా ఉన్నాయి? సక్కర్‌కైతే లావుగా, కండపట్టి, వేలితో తాకితే పొక్కుల్లా గరుగ్గా ఉంటాయి. ఆ పెదాలు ఒకసారి చూస్తే మర్చిపోలేరు.

మీరు చెప్పిన మిగతావన్నీ నాకు ఇంకో చేపని గుర్తుచేస్తున్నాయి. కానీ ఆ రెక్క సంగతి తేలేదాకా పేరు చెప్పను.

గట్టుమీదోడు:

పెదాలు లావుగా లేవండీ, అది కచ్చితం. హుక్ తీసేటప్పుడు ఆ నోట్లో ఫోర్సెప్స్ పట్టడానికే నానా తంటాలు పడ్డాను. పాతగాలం గారన్నట్టు పీల్చే నోరు కాదు. ఏదో ఏరుకు తినే చేపలా అనిపించింది.

రెక్క దగ్గరే చిక్కొచ్చింది. ఫోటోలో సరిగ్గా ఆ చోట నా బొటనవేలుంది. మొత్తం చేపలో ఎక్కడైనా పెట్టొచ్చుగా, అక్కడే పెట్టాను! వదిలేటప్పటి వీడియో ఒకటుంది, వెతికి చూస్తాను.

చలిచెయ్యి:

నాకైతే గ్రేలింగ్ అనిపిస్తోంది. అదీ వెండి రంగే, నోరూ చిన్నదే.

మడుగుపక్కన:

గ్రేలింగ్‌కి వీపు రెక్క తెరచాపలా ఉంటుంది, దాని మీద రంగు చుక్కలు కూడా. ఈయన చేప వీపు రెక్క ఫోటోలో కనిపిస్తూనే ఉంది, మామూలు సైజే.

గట్టుమీదోడు:

దొరికింది! వీడియో మూడు సెకన్లే. చేప నా చేతిలోంచి జారి తిరిగేటప్పుడు ఒక్కచోట ఆపితే కనిపిస్తోంది. తోకకి కాస్త ముందు, చిటికెన వేలి గోరంత, బూడిద రంగులో, చిన్న జెండాలా ఒకటి నిలబడి ఉంది. ముందు నీటి బుడగేమో అనుకున్నాను. పది సార్లు వెనక్కీ ముందుకీ జరిపి చూశాను. అది రెక్కే.

మడుగుపక్కన:

అయితే తేలిపోయింది. మీరు పట్టింది మౌంటెన్ వైట్‌ఫిష్. సక్కర్‌కి ఆ రెక్క ఉండదు. ట్రౌట్, సాల్మన్, గ్రేలింగ్, వైట్‌ఫిష్, అంతా ఒకే కుటుంబం, వీటన్నిటికీ ఉంటుంది. అంటే మీకు పడింది ట్రౌట్‌కి దాయాదే.

దీని శాస్త్రీయ నామం ప్రోసోపియం విలియమ్సోనై. 1856లో గిరార్డ్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. రైలు మార్గం సర్వేకి అమెరికా పడమటి వైపు వచ్చిన విలియమ్సన్ అనే సైనికాధికారి పేరు పెట్టారు. ఆయన గాలం వేశాడో లేదో గానీ పేరు మాత్రం నిలిచింది.

ఇంకోసారి పడితే ముక్కు చూడండి. ఒక్కో ముక్కు రంధ్రం రెండు భాగాలుగా ఉంటుంది. ఆ రెంటి మధ్య ప్రోసోపియం జాతికి ఒకే ఒక చర్మపు మడత ఉంటుంది. లేక్ వైట్‌ఫిష్ ఉండే కోరెగోనస్ జాతికి రెండు. ఫోన్ కెమెరాతో దగ్గరగా తీస్తే తెలుస్తుంది, కంటికి మాత్రం కష్టమే.

చలికాలంలో ఇదే ఎందుకు పడిందంటే, నీళ్లు ఇంత చల్లగా ఉన్నా ఇవి మేత మానవు. మడుగుల్లో అడుగున గుంపుగా చేరి, కొట్టుకొచ్చే పురుగుల్ని ఏరుకుంటాయి. మీ నింఫ్ అడుగుకి దిగింది కాబట్టి దాని నోటికి అందింది. ఒకటి పడిన చోట ఇంకో పదీ ఉంటాయి.

ఇప్పుడు రెండు మాటలు, తిడుతున్నాననుకోవద్దు. చేపని మంచు మీద పెట్టకండి. ఒంటి మీది జిగురు ఊడొస్తుంది, గాలి సున్నాకి బాగా దిగువనుంటే మొప్పల తడి క్షణాల్లో గడ్డకడుతుంది. చేతులు తడుపుకుని, వలలో నీళ్లలోనే ఉంచి ఫోటో తీయండి. గ్లోవ్స్ తీసేయండి, చల్లగా ఉంటుందని తెలుసు.

రెండోది నడక. ఇవి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గుడ్లు పెడతాయి. ట్రౌట్‌లా గుంత తవ్వవు, గులకరాళ్ల మీద వెదజల్లి వెళ్లిపోతాయి. గుంత ఉంటే పక్కనుంచి పోవచ్చు, ఇక్కడ ఆనవాలే ఉండదు. ఆ గుడ్లు చలికాలమంతా రాళ్ల సందుల్లోనే ఉంటాయి. అందుకని లోతు తక్కువగా, రాళ్ల మీంచి నీరు గలగలా పారే చోట దిగి నడవకపోవడం మంచిది.

పాతగాలం గారూ, గట్టు మీదకి విసరడం సంగతి. మోంటానా, ఐడహో, వయోమింగ్ రాష్ట్రాల్లో ఇది గేమ్ ఫిష్, అంటే గాలపు వేటకి చట్టం గుర్తించిన చేప. ఎల్లోస్టోన్ పార్కులోనైతే స్థానిక చేప కాబట్టి తప్పనిసరిగా వదిలేయాలి. 2016 ఆగస్టులో ఎల్లోస్టోన్ నదిలో ఒక కిడ్నీ జబ్బుతో వేలల్లో చచ్చి తేలినవి ఎక్కువగా ఈ చేపలే. పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బది. ఆ ఏడు నీరు తక్కువ, వేడెక్కువ. మోంటానా అధికారులు 183 మైళ్ల మేర నదిని మూసేశారు. అప్పటిదాకా దీన్ని చెత్త చేప అన్నవాళ్లే ఆ ఫోటోలు చూసి గమ్మున ఊరుకున్నారు.

పాతగాలం:

సరే, రెక్క ఉందంటే సక్కర్ కాదు, ఒప్పుకుంటున్నా. నేను ఫోటోలో నోరు ఒక్కటే చూశాను. విసిరేసింది నేను కాదండీ, పెద్దవాళ్లని చెప్పాను. అయినా మీరన్నది నిజమే, ఇప్పుడు తలుచుకుంటే వాటిలో సగం ఇవే అయ్యుంటాయి.

గట్టుమీదోడు:

ఆలస్యంగా రాస్తున్నాను, ఆదివారం మళ్లీ వెళ్లొచ్చాను. ఈసారి బయల్దేరడమే పన్నెండింటికి. మంచు మీద ఫోటో విషయంలో సారీ, తెలియక చేశాను. నడక గురించి చదివాక ఇంకా బాధేసింది, మొదటిసారి ఆ మడుగుకి చేరింది సరిగ్గా అలాంటి రాళ్ల మీంచే. ఈసారి పొదల్లోంచి చుట్టూ తిరిగి వెళ్లాను. పావుగంట ఎక్కువైంది, ప్యాంటు ఒకచోట చిరిగింది.

అదే మడుగు, అదే నింఫ్. మూడు పడ్డాయి, మూడూ వైట్‌ఫిష్షే. మూడోదాన్ని వలలో ఉంచి ముక్కు ఫోటో తీశాను. ఆరు తీస్తే ఐదు మసకే. ఆరోదాంట్లో బియ్యపు గింజలో సగం ఉంటుందేమో, ఒకే మడత స్పష్టంగా కనిపిస్తోంది. మడుగుపక్కన గారూ, మీకోసం పైన పెట్టాను.

నాలుగోసారి బెండు గట్టిగా మునిగింది. ట్రౌట్! చుక్కలూ గిక్కలూ అన్నీ ఉన్నాయి. అరచేయంత లేదు. ఎందుకో దాన్ని చూసి పెద్దగా సంబరం కలగలేదు. హుక్ తీసి వదిలేసి, మళ్లీ మడుగు అడుగుకే వేశాను.