చేతి పట్టీ ఎంత బిగించాలి? చిటికెన వేలి కణుపు వాస్తోంది

చెన్నై పెరంబూరులో ఉంటాను. నలభై రెండేళ్ల వయసులో బాక్సింగ్ మొదలుపెట్టి మూడు నెలలైంది. (మా ఆవిడ దృష్టిలో ఇది ఇంకా జ్వరమే, తగ్గిపోతుందట.)

గ్లోవ్స్ లోపల చేతికి చుట్టుకోవడానికి 4.5 మీటర్ల నూలు పట్టీ వాడుతున్నాను. బొటనవేలికి ఉచ్చు తగిలించి, మణికట్టు చుట్టూ మూడు చుట్లు, కణుపుల మీద మూడు చుట్లు, ఆపైన వేళ్ల సందుల్లోంచి తీస్తాను. బిగించి కడితే పది నిమిషాల్లో వేళ్ల కొసలు చల్లబడి తిమ్మిరెక్కుతాయి. వదులుగా కడితే రెండో రౌండుకే పట్టీ జారి అరచేతిలో ముద్దగా చేరుతుంది. పిడికిలి మూసినప్పుడు సరిపోయిన బిగువు తెరిచినప్పుడు ఉండటం లేదు. మరి కట్టేటప్పుడు వేళ్లు చాచి ఉంచాలా, ముడవాలా?

అసలు బాధ కుడి చిటికెన వేలి కణుపుది. సాధన సంచి (పంచింగ్ బ్యాగ్) మీద గుద్దిన మర్నాడు వాచి, దోసె తిప్పడానికి అట్లకాడ పట్టుకున్నా నొప్పి. ఎక్స్‌రేలో విరగలేదని తేలింది. దెబ్బ చూపుడు, మధ్య వేళ్ల కణుపులతో పడాలని తెలుసు, కానీ అలసిపోగానే చెయ్యి పక్కకు తిరుగుతోంది. ఇది పట్టీ లోపమా, నా గుద్దు లోపమా? 12 ఔన్సుల గ్లోవ్స్ నుంచి 16 ఔన్సులకు మారితే ఉపశమనం ఉంటుందా? సాగే పట్టీలు మేలా?

ఇంకొకటి, ఈ ఊరి ఉక్కకు పట్టీలు ఆరి చావవు. వాసన పోగొట్టే ఉపాయం ఉంటే అదీ చెప్పండి.