‘కుదేతా’నా, ‘కూదేతా’నా?

వంతెనకింద: యానాం గురించిన ఏదో పాత వ్యాసంలో ‘అది విప్లవం కాదు, కుదేతా’ లాంటి వాక్యం చదివిన గుర్తు. ఫ్రెంచి మాట coup d’État, అధికారాన్ని హఠాత్తుగా లాక్కోవడం. ‘కు’నా, ‘కూ’నా? అసలు యానాంలో ఫ్రెంచి పాలనను కూలదోసిన 1954 జూన్ 13కి ఆ మాట నప్పుతుందా?

పొల్లుహల్లు: coup అంటే దెబ్బ, దాని చివరి ‘ప్’ పలకరు, అక్కడిదాకా గొడవ లేదు. ఫ్రెంచిలో హ్రస్వదీర్ఘాల తేడాతో అర్థం మారదు కాబట్టి వాళ్లని అడిగి లాభం లేదు. నేనైతే కుదేతా అనే రాస్తాను. వినడానికి దగ్గర.

గోదారిగట్టు: రాత సంగతి సరే, అర్థం? యానాంలో జనం అనే మాట విమోచనం. ఫ్రెంచి రాతల్లో కుదేతా. ఎవరి కుర్చీ పోయిందో వాళ్ల మాట అది!

పాతపుస్తకం: అంత తేలిక కాదండీ. 1639లో గాబ్రియేల్ నోదే అనే ఫ్రెంచి రచయిత ఈ మాట మీద పుస్తకమే రాశాడు. అతని లెక్కలో ఇది చేసేది గద్దె మీద ఉన్నవాడే, రాజ్యం కోసమని గుట్టుగా కొట్టే దెబ్బ. 1572లో పారిస్‌లో ప్రొటెస్టెంట్లను చంపిన సెయింట్ బర్తొలోమ్యూ ఊచకోత కూడా అందులోకే వస్తుంది. అలాగే 1851 డిసెంబరు 2న లూయీ నెపోలియన్ ఫ్రాన్స్ అధ్యక్షుడిగా ఉంటూనే సభను రద్దు చేశాడు. ఈ లెక్కన యానాంది కానే కాదు.

గోదారిగట్టు: 1639 అర్థాన్ని పట్టుకుని 1954ని కొలుస్తామా మాష్టారూ? మనకి 1984 ఆగస్టు అనగానే ‘వెన్నుపోటు’ అని నోటికొస్తుంది. అదీ దెబ్బే, కానీ వెనకనుంచి. ‘కు’లో ఆ వెనక లేదు.

పొల్లుహల్లు: ఛందస్సులో చూస్తే కుదేతా యగణం. భుజంగప్రయాతానికి సరిగ్గా సరిపోతుంది, పాము నడక కదా!

సీసమాలిక: అయ్యా, కూదేతా అంటే మగణం, శార్దూలానికి ఎత్తుగడ. రాజుల సంగతికి శార్దూలమే. ‘రాజుల్ మత్తులు’ అని ధూర్జటి ఎత్తుకున్నది మగణంతోనేగా. రాయల కొలువులో ఉన్నాడని చెప్పుకునే కవి అంత మాట అన్నాడంటే, దాని ముందు నోదే ఎంత?

పాతపుస్తకం: ధూర్జటి తిట్టింది కొలువుని, కుట్రని కాదు.

సీసమాలిక: ఆ పద్యం మళ్లీ చదవండి.

వంతెనకింద: యానాం మాటేమిటండీ?

పొల్లుహల్లు: ఉండండి. శార్దూలమైతే యతి 13వ అక్షరం. ‘కూ’కి ‘కొ’ చెల్లుతుంది, అక్కడ ‘కొంపల్’ వేద్దాం. మధ్యలో తొమ్మిది అక్షరాలు ఎవరైనా పూరిస్తారా?

సీసమాలిక: ప్రాస ‘దే’. మిగతా మూడు పాదాలకూ దకారం వెతికాక అప్పుడు చెప్పండి.