ఉసురు తగలటం, శాపం తగలటం: రెండూ ఒకటేనా?

పెన్నగట్టు (నెల్లూరు):
అందరికీ నమస్కారం. మన వైపు "వాళ్ళ ఉసురు ఊరికే పోదు, తగుల్ద్ది" అంటారు కదా, దీన్ని ఒకాయన వేరే చోట "అంటే శాపం తగులుతుంది అని" అని తేల్చేశాడు. నాకు ఒప్పుకోబుద్ధి కాలా. రెండిట్లోనూ తగలటమే ఉండాది, నిజమే, కానీ తగిలే దారి వేరు అని నా వాదన. రొంత పొడుగ్గా రాస్తన్నా, ఓపికుంటే చదవండి.

ఉసురు అంటే ప్రాణం, ఊపిరి. కన్నడంలో ఉసిరు అంటే ఊపిరే, తమిళంలో పుస్తకాల్లో ఉయిర్ అని రాసినా మాటల్లో ఉసురే, సూళ్ళూరుపేట తడ వైపు వాళ్ళకి ఇది చెప్పే పనే లేదు. ఎండన పడి వచ్చినోడు ఉసూరుమని కూలబడతాడు, ఆశపడింది జరక్కపోతే మనసు ఉసూరుమంటది, చంపేస్తే ఉసురు తీశాడంటాం. వీటిల్లో ఎక్కడా మాట లేదు చూడండి, ఉండేది ఊపిరే. ఎదుటోడు నోరు తెరిచి నిన్నేమన్నా అన్నాడా లేదా అనే లెక్కే లేదు, వాడి లోపల నుంచి ఒక నిట్టూర్పు వచ్చింది, అంతే, అది చాలు.

శాపం అట్టా కాదు. దానికి మనిషి కావాలి, మాట కావాలి, ఆ మాట వెనక తపస్సు కావాలి. మన తిక్కన ఈ నెల్లూర్లోనే విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు రాశాడు గదా, అందులో స్త్రీపర్వంలో గాంధారి కృష్ణుణ్ణి శపించే ఘట్టం ఉంది. వ్యాసుడి దాంట్లో ఆమె ఊరికే "నాశనమై పో" అనదు, భర్తకి సేవ చేసి నేను సంపాదించుకున్న తపస్సంటూ ఏమన్నా ఉంటే దాంతో శపిస్తన్నా అంటది. గడువు కూడా చెప్తది, 36 ఏళ్ళు. అంటే శాపం పెట్టటం ఒక ఖర్చు. విశ్వామిత్రుడు రంభని పదివేల ఏళ్ళు రాయిగా పడుండమని శపించి, ఆ కోపంతో తన తపస్సే పోగొట్టుకున్నాడు అని రామాయణం బాలకాండలో ఉంది. ఉసురుకి ఈ ఖర్చు లేదు. కూలిడబ్బులు ఎగ్గొడితే ఏ తపస్సూ లేని కూలామె ఉసురు కూడా తగుల్ద్ది అనే మనోళ్ళ నమ్మకం.

ఇంకోటి, అసలు నేను చెప్పాలనుకునింది ఇదే. క్రియలు చూడండి. శాపం "పెట్టాడు", "ఇచ్చాడు". వరం "ఇచ్చాడు". దీవెన "ఇచ్చింది". వీటిల్లో కర్త అవతలోడు. అదే ఉసురు? "వాడు ఆ ముసలామె ఉసురు పోసుకున్నాడు". కర్త ఎవరు? తప్పు చేసినోడే! ఆమె ఏం చెయ్యలా పాపం, కూర్చోని ఏడ్చిందంతే. పోసుకునింది వీడు. పాపం మూటగట్టుకున్నాడు, పుణ్యం కట్టుకో తల్లీ, చేసుకున్నోళ్ళకి చేసుకున్నంత మహదేవా... అన్నిట్లోనూ ఈ "కొను" ఉండాది. కర్మ సిద్ధాంతం అని పెద్ద పెద్ద ఉపన్యాసాలు చెప్తారు గానీ మన భాషలో అదంతా ఈ చిన్న "కొను"లో దాక్కోనుంది అనిపిస్తది నాకు. ఎవురూ ఇవ్వలా, నువ్వే చేసుకున్నావు.

"నీకు నా ఉసురు తగలా!" అని తిట్టేవాళ్ళు లేరా అంటారేమో, ఉండారు. అక్కడ ఉసురుని తెచ్చి శాపం అచ్చులో పోస్తన్నారు అని నేనంటా. మీరేమంటారు?

ఒంగోలక్క:
చాలా బాగా రాశారు తమ్ముడూ. మీ వాదనకి నా దగ్గరొక సాక్ష్యం ఉంది. ఎద్దు ఏడ్చిన సేద్యం, రైతు ఏడ్చిన రాజ్యం బాగుపడవు అంటారు కదా. ఎద్దుకి నోరు లేదు, అది శపించలేదు. అయినా అది ఏడిస్తే సేద్యం పోతుంది. ఇక్కడ పనిచేసేది ఉసురే, శాపం కానేకాదు. ఎడ్ల పేరుతో ఊరి పేరు ప్రపంచమంతా తెలిసిన చోట పుట్టి ఇది చెప్పకపోతే ఎట్లా :) మా ఇళ్ళల్లో దున్నేటప్పుడు ములుగర్రతో గట్టిగా పొడిస్తే పెద్దోళ్ళు "నోరులేని దాని ఉసురు పోసుకోమాకరా" అని కేకేసేవాళ్ళు. నోరులేనిది అనే మాట ఆడ ఊరికే రాలేదు, నోరు లేకపోవటం వల్లే దాని ఉసురుకి బలం ఎక్కువ అని వాళ్ళ ఉద్దేశం.

కర్ణుడి కథలో దీనికి తిరగేసినట్టు ఉంటుంది. పొరపాటున ఒక బ్రాహ్మడి హోమధేనువు దూడని చంపేస్తాడు, యుద్ధంలో నీ రథచక్రం భూమిలో కుంగుతుందని ఆ బ్రాహ్మడు శపిస్తాడు, కర్ణుడు ఆవులిస్తా రత్నాలిస్తా అని బతిమాలినా వినడు. చచ్చింది దూడ, శపించింది యజమాని. పురాణం యజమాని మాట రాసిపెట్టింది, మన సామెత ఎద్దు ఏడుపు రాసిపెట్టింది. నాకైతే సామెతే పెద్దమనసుది అనిపిస్తుంది.

కందుకూరు మాష్టారు:
శాపం సంగతి వచ్చింది కాబట్టి నన్నయ్య గారి ఉదంకోపాఖ్యానం పద్యం గుర్తు చేసుకోకపోతే ఎట్లా. "నిండు మనంబు నవ్యనవనీత సమానము" అని మొదలై "శాపము గ్రమ్మఱింపఁగన్" అని ముగుస్తుంది, ఉత్పలమాల. ఉదంకుడు గురుపత్ని కోసం పౌష్యుడి భార్య కుండలాలు తీసుకోవటానికి వెళ్తాడు, పౌష్యుడు భోజనం పెడతాడు, అన్నంలో వెంట్రుక ఉంది. గుడ్డివాడివి కమ్మని ఉదంకుడు శపిస్తాడు, ఏ దోషం లేని అన్నానికి దోషం అంటగట్టావు నీకు సంతానం కలగదు పొమ్మని రాజు తిరిగి శపిస్తాడు. తర్వాత చూసుకుంటే అన్నంలో దోషం ఉన్నమాట నిజమే. ఉదంకుడు త్వరలోనే చూపు వస్తుందని తగ్గిస్తాడు, మరి నీది కూడా వెనక్కి తీసుకో అంటే రాజు నావల్ల కాదంటాడు. మీ బ్రాహ్మల మనసు వెన్న, మాట వజ్రాయుధం, మా రాజులకి తలకిందులు, అందుకని మీరు మళ్ళించగలరు, ఎంత శాంతుడైనా రాజు మళ్ళించలేడు అని.

పద్యం అందరికీ నోటికి వస్తుంది కానీ దాని తర్వాత వ్యాసభారతంలో ఉన్న మాట ఎక్కువమంది పట్టించుకోరు. అన్నంలో దోషం నిజంగానే ఉంది కాబట్టి నీ శాపం నాకు తగలదు అని చెప్పి ఉదంకుడు తన దారిన పోతాడు. అంటే న్యాయం లేని శాపం ఎంత గట్టిగా పలికినా పనిచేయదు. ఇప్పుడు పెన్నగట్టు గారి ప్రశ్నలోకి వస్తే, శాపాన్ని మళ్ళించవచ్చు, తగ్గించవచ్చు, గడువు పెట్టవచ్చు, విమోచనం అని ఒక మాటే ఉంది దానికి. ఉసురు విమోచనం అనే మాట ఎప్పుడైనా విన్నారా? నేను వినలేదు. ఏడ్చినావిడ తర్వాత పోనీలే అని క్షమించినా సరే, పోసుకున్నది పోసుకున్నట్టే ఉంటుందని ఊళ్ళో పెద్దవాళ్ళ మాట. తీసుకున్న పొలం తిరిగి ఇచ్చెయ్యటం, ఆకలితో పంపినవాణ్ణి పిలిచి పెట్టటం, ఇట్లాంటివే దారి.

కావలి పిలగాడు:
సార్ ఒక డౌటు. చెడుకి శాపం, ఉసురు అని రెండు ఉన్నాయి, మంచికి దీవెన ఒక్కటేనా? నోరు తెరవకుండా తగిలే మంచి ఏదైనా ఉందా? ఉంటే దానికి పేరేంది? ఇంకోటి, మా ఇంట్లో సాయంత్రం పూట "చచ్చినోడా" అని తిట్టనివ్వరు, తథాస్తు దేవతలు తిరుగుతుంటారంట. ఆ లెక్కన తపస్సు లేనోళ్ళ మాట కూడా శాపం అయిపోతుంది కదా?

పెన్నగట్టు (నెల్లూరు):
అబ్బయా భలే పట్టావు. రెండోదానికి ముందు చెప్తా, తథాస్తు దేవతలంటే మన మాటకి బలం ఉందని కాదు, అప్పు బలం. నోరు మనది, "అట్టే కానీ" అనే అధికారం వాళ్ళది. అందుకే మంచిమాట అయినా చెడ్డమాట అయినా వాళ్ళకి ఒకటే. వ్యాకరణంలో కూడా అంతే గదా, "దీర్ఘాయుష్మంతుడవు అగుదువు గాక", "రాయివి అగుదువు గాక", రెండిటికీ అదే గాక. ఇళ్ళల్లో చూడు, "నీ కడుపు చల్లగుండ" దీవెన, "నీ కడుపు కాల" తిట్టు, "నీ దుంప తెగ" అయితే మనమల్ని ముద్దు చేసేటప్పుడు కూడా అంటారు. అచ్చు ఒకటే, పోసేది వేరు.

ఇక మొదటిది. నోరు లేని దీవెనకి పేరు ఉంది. చలవ! "అంతా మీ చలవ", "పెద్దల చలవ వల్ల పిలకాయలు బాగున్నారు" అంటాం. చలవ ఇచ్చాడు అని ఎవరూ అనరు, అది ఉంటదంతే, దాని కింద మనం ఉంటాం. ఆకలైనోడికి అన్నం పెడితే వాడు నిన్నేమీ దీవించకపోయినా వాడి కడుపు చల్లబడ్డది, ఆ చల్లదనం నీకు తగుల్ద్ది. ఉసురు వేడి ఊపిరి, చలవ చల్లదనం. మన ఎండలకి పుట్టిన జంట ఇది :)

మాట లేకుండా చేతులు మారే మంచి చూడాలంటే మొహర్రం నెలలో మా స్వర్ణాల చెరువు కాడికి రా, బారాషహీద్ దర్గా రొట్టెల పండగ. దర్గా అయినా హిందువులు తండోపతండాలుగా వస్తారు. కోరిక ఉన్నోళ్ళు రొట్టె పట్టుకుంటారు, తీరినోళ్ళు వచ్చి రొట్టె వదుల్తారు, చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె. ఇచ్చేవాళ్ళు సిద్ధులూ కాదు మునులూ కాదు, పోయినసారి మన మాదిరే చెయ్యి చాపినోళ్ళు.

తర్కం శాస్త్రం:
ఉసురుకి నడిపేవాడు లేడు, దానంతట అదే తగులుతుంది అంటున్నారు కాబట్టి ఒక మాట. మీమాంసకులు, అంటే వేదంలోని యజ్ఞకర్మల మీద విచారణ చేసినవాళ్ళు, సరిగ్గా ఇదే అన్నారు, ఉసురు అనలేదనుకోండి. చేసిన యజ్ఞం ఈరోజే అయిపోతుంది, ఫలం ఎప్పుడో వస్తుంది, మధ్యలో దాన్ని మోసేదేంటి? దానికి అపూర్వం అని పేరు పెట్టారు. ఫలం ఇవ్వటానికి దేవుడు అక్కర్లేదు, కర్మే తన ఫలాన్ని ఇచ్చుకుంటుంది. వేదాంతులు దీన్ని ఒప్పుకోరు, కర్మ జడం, దానికి తెలివి లేదు, ఫలదాత ఈశ్వరుడే అంటారు. మరి ఈశ్వరుడు ఒకడికి సుఖం ఒకడికి కష్టం ఎందుకిస్తాడు, పక్షపాతం కాదా అంటే శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో వాన పోలిక తెస్తారు, వాన అన్నిటి మీదా ఒకేలా పడుతుంది, వరి వరిగా యవ (బార్లీ) యవగా మొలవటం విత్తనాన్ని బట్టి.

మన వాడుకలో రెండూ కలిసిపోయాయి. "దేవుడు చూస్తున్నాడు" అనేదీ మనమే, "ఉసురు ఊరికే పోదు" అనేదీ మనమే, ఒకే వాక్యంలో. ఇంకో తమాషా, కర్మ అనేది సంస్కృతంలో మంచికీ చెడుకీ కూడా. మనం మాత్రం విసుగొచ్చినప్పుడు వత్తు తగిలించి "నా ఖర్మ" అంటాం, వత్తు లేని కర్మ అంటే చనిపోయినవాళ్ళకి చేసే కర్మ, పెద్దకర్మ. ప్రారబ్ధం కూడా అంతే. వెనకటి జన్మల నుంచి పోగుపడ్డ కర్మ సంచితం, దాంట్లోంచి ఈ జన్మకి పండటానికి వచ్చిన భాగం ప్రారబ్ధం, అందులో సుఖమూ ఉంటుంది. ఎవరికైనా లాటరీ తగిలితే "వాడి ప్రారబ్ధం" అంటామా?

ఒంగోలక్క:
ఇది చెప్పకుండా ఉండలేను. ఖర్మ, ప్రారబ్ధం అనే మాటలు మన నోట్లో ఎదుటోళ్ళని కొట్టే కర్రలైపోయాయి. జబ్బుతో పుట్టిన బిడ్డని చూట్టానికొచ్చి "ఏ జన్మలో ఎవరి ఉసురు పోసుకున్నారో" అని తల్లి ముందే అనేవాళ్ళని చూశాను. ఈ మాట విన్న తల్లి ఉసురుమంటుంది కదా, అది ఎవరికి తగలాలి? ఫోన్లో ఏ వీడియో తీసినా స్త్రీశాపం, పితృశాపం, మీ ఇంట్లో పెళ్ళి కాకపోవటానికి అదే కారణం, పరిహారానికి ఫోన్ చెయ్యండి అంటారు. శాపం ఎవరు పెట్టారో తెలీదు, ఎప్పుడు పెట్టారో తెలీదు, విమోచనానికి రేటు మాత్రం తెలుసు.

కందుకూరు మాష్టారు:
అక్కయ్య గారు చెప్పినదానికి భారతం ఆదిపర్వంలోనే జవాబు ఉందమ్మా. మాండవ్యుడి కథ. చేయని దొంగతనానికి రాజభటులు ఆయన్ని కొరత వేస్తారు. యముడి దగ్గరికి పోయి నేనేం చేశానని అడిగితే, చిన్నప్పుడు పురుగులకి గడ్డిపుల్లలు గుచ్చావు అంటాడు. తెలిసీ తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని మాండవ్యుడు యముణ్ణే శపిస్తాడు, ఆ శాపంతోనే యముడు విదురుడిగా పుట్టాడు. అంతటితో ఆగకుండా పద్నాలుగేళ్ళ లోపు చేసింది పాపం కిందికి రాదని హద్దు పెడతాడు. కర్మ లెక్క రాసేవాడికే శాపం తగిలి లెక్క మారింది. ఇంక పక్కింటోళ్ళం మనం ఎవరం ఆ లెక్క చదవటానికి.

కావలి పిలగాడు:
మరి తెలియకుండా చేసింది కూడా తగులుతుందా సార్? దశరథుడు ఏనుగు అనుకోని శబ్దాన్ని బట్టి బాణం వేశాడు, కావాలని కాదు కదా.

పెన్నగట్టు (నెల్లూరు):
తెలీక చేశాడు కాబట్టే ప్రాణం మిగిలింది, తెలిసి చేసుంటే నీ తల ముక్కలయ్యేది అని ఆ బాణం తగిలి చచ్చిపోయిన పిల్లోడి తండ్రి, ఆ ముసలాయన, దశరథుడితోనే అంటాడు. అంటే తెలిసి చేసిందానికీ తెలీక చేసిందానికీ తూకం వేరు, కానీ తెలీదనగానే కొట్టివెయ్యరు. నేనూ నా మాదిరే కొడుకు కోసం ఏడ్చి పోతావు అని శాపం, ఆయన పోయిందీ అట్టానే. వాల్మీకిలో ఆ పిల్లోడికి పేరు కూడా లేదు, శ్రవణుడు అని మనం తర్వాత పిల్చుకుంటన్నాం. నన్నడిగితే ఇది శాపమూ ఉసురూ రెండూ కలిసిన చోటు, తండ్రి నోటితో పలికాడు గాబట్టి శాపం, గుడ్డితల్లి ఏడుపు మాత్రం ఉసురు.

అడగటం మర్చిపోయా, కనిగిరి మార్కాపురం వైపు "వాళ్ళ గోడు తగుల్ద్ది" అని కూడా అంటారని ఒకాయన చెప్పాడు. గోడు అంటే వెళ్ళబోసుకునేది గదా, అందులో మాట ఉంది, వినేవాడు కావాలి. నిజంగానే తగలటంతో వాడతారా, లేకపోతే "గోడు ఊరికే పోదు" వరకేనా? ఆ వైపు వాళ్ళు ఎవరన్నా ఉంటే ఇంట్లో పెద్దోళ్ళని అడిగి, వాళ్ళు ఎట్టా పలికితే అట్టానే ఈడ రాయండి.